పెద్దక్క బీరువా

పెద్దక్క ఎవరినీ "తుడిచావా?" అని అడగదు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆ ప్రశ్న ఆమె నోట వచ్చినట్టు ఎవరికీ గుర్తు లేదు. వస్తుంది, బల్ల అంచు కిందికి చూపుడు వేలు పోనిస్తుంది, వేలిని వెలుతురులో పెట్టి చూస్తుంది, అంతే. వేలికి ఏమీ అంటకపోతే తల ఊపి ముందుకు సాగిపోతుంది. నల్లగా అంటితే ఆ వేలిని, బల్ల తుడిచిన మనిషి కళ్ళముందు నిలబెడుతుంది, ఒక్క మాట అనదు. ఇంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేది అనుకుంటారు వాళ్ళు. లిఫ్టు బటన్ల పక్కన, కుర్చీ చక్రాల మధ్య, చేతులు కడుక్కునే తొట్టి వెనక, ఎవరూ చూడని చోటల్లా ఆమె చూస్తుంది కాబట్టి చాటున ఆమెకు 'దుర్భిణి' అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోతుంది కూడా.

ఆమె పనిచేసేది భవనాలు శుభ్రం చేసే కంపెనీలో. పన్నెండంతస్తుల ఆఫీసు భవనం ఒకటి, దాని పక్కనే అయిదంతస్తులవి రెండు ఆమె చేతికింద ఉన్నాయి. కంపెనీ మనుషులు నలభై అయిదుగురు, కూలికి మనుషుల్ని సరఫరా చేసే మేస్త్రీ పంపినవాళ్ళు తొమ్మిదిమంది, మొత్తం యాభై నలుగురు. అందరూ పొద్దున్న ఆరింటికల్లా వచ్చేస్తారు. తొమ్మిదింటికి ఆఫీసులవాళ్ళు దిగేసరికి నేలలో వాళ్ళ మొహాలు వాళ్ళకు కనబడాలి. వాళ్ళు ఫోన్లలోంచి తలెత్తితే కదా చూసుకోవడానికి, అది వేరే విషయం.

ఒకప్పుడు ఆ మెట్లు పెద్దక్క తుడిచినవే. పెళ్ళయిన రెండేళ్ళకి, భర్త కుట్టుమిషను ఒక్కదాని మీద ఇల్లు గడవదని తేలిపోయాక, ఆమె బకెట్టు పట్టుకుంది. ఎర్రగుడ్డ మరుగుదొడ్లకి, నీలిగుడ్డ బల్లలకి, ఒకటి ఇంకోదాన్లో కలవకూడదని మొదటి రోజే నేర్చుకుంది. ఇప్పుడు ఎర్రగుడ్డ ఎవరి బల్లమీదైనా కనబడిందంటే ఆ మనిషికి ఆ రోజు మూడినట్టే. సూపర్‌వైజర్ అయ్యాక కూడా ఆమె కుర్చీ తెచ్చుకోలేదు. స్టోర్ రూములో ఖాళీ సబ్బునీళ్ళ డ్రమ్ము బోర్లించుకుని దానిమీదే కూర్చుంటుంది.

ఆమెకున్న గర్వమల్లా ఒక్కటే. మిగతా సూపర్‌వైజర్ల దగ్గర మనుషులు నెలకొకరు మారుతుంటారు. పెద్దక్క దగ్గర చేరినవాళ్ళు మధ్యలో వెళ్ళరు. ఎవరి పిల్లకి జ్వరమో, ఎవరింట్లో మొగుడూ పెళ్ళాలకి మాటల్లేవో ఆమెకు తెలుసు. ఎవరికి ఏ అర్జీ రాయాలన్నా ఆమే రాస్తుంది. యూనిఫారం బిగుతైందంటే ఇంటికి పట్టుకెళ్ళి భర్తచేత వదులు చేయించి తెస్తుంది. అందరికీ తలలో నాలుకలా ఉంటుంది గనకే ఎవరూ వదిలి వెళ్ళరని కంపెనీలో పెద్దలు కూడా అంటుంటారు. ఆమె కూడా అదే అనుకునేది.

స్టోర్ రూములో మాప్‌ల వెనక ఒక ఇనప బీరువా ఉంది. అందులో ఏ సబ్బులూ ఉండవు, మనుషుల కాగితాలుంటాయి. గుర్తింపు కార్డులు, పాస్‌పోర్టులు, బడి సర్టిఫికెట్లు, అన్నీ అసలువి. పదేళ్ళ కిందట పనివాళ్ళుండే గదుల్లో పైపు పగిలి నీళ్ళు నిండాయి. అద్దాలు తుడిచే ఒకామె సర్టిఫికెట్టు ముద్దయిపోయింది. పెద్దక్క దాన్ని భర్త ఇస్త్రీపెట్టె కింద పెట్టి ఆరబెట్టాలని చూస్తే అక్షరాలన్నీ ఇస్త్రీపెట్టెకే అంటుకొచ్చాయి. ఆ పిల్ల ఏడుపు చూడలేక పెద్దక్క మర్నాడే అందరి కాగితాలూ తెప్పించి, ఒక్కొక్కరివి ఒక్కో ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవరు మీద గుండ్రని అక్షరాలతో పేరు రాసి, పురుగు పట్టకుండా కలరా ఉండలు వేసి, ఆ బీరువాలో సర్దింది. తర్వాత కొత్తగా చేరినవాళ్ళు కూడా వచ్చిన రోజే కాగితాలు తెచ్చి ఇచ్చేవాళ్ళు. యూనిఫారం తీసుకోవడం, కాగితాలు ఇవ్వడం, రెండూ ఒకే పనిలా అయిపోయాయి. బీరువా తాళం ఆమె నడుముకే ఉంటుంది. మేస్త్రీ మనుషుల కాగితాలు మాత్రం అందులో లేవు, వాళ్ళు కంపెనీ మనుషులు కారు కదా.

ఆ నెల మొదట్లో హెడ్డాఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, చేతిలో అట్ట, దానికి క్లిప్పు, క్లిప్పుకి నాలుగు పేజీల ప్రశ్నలు. సాయంత్రానికల్లా ఆమెకు 'ప్రశ్నల మేడమ్' అని పేరు స్థిరపడింది. సంగతేమిటంటే, ఆ పన్నెండంతస్తుల భవనంవాళ్ళు కంపెనీని అడిగారట, మా నేల తుడిచేవాళ్ళలో గాని, మీకు గుడ్డలు ఉతికి పంపేవాళ్ళలో గాని, గ్లవ్స్ తయారుచేసేవాళ్ళలో గాని, ఎవరూ బలవంతాన కట్టుబడి పనిచెయ్యడం లేదని చూసుకున్నారా అని. ఈ రోజుల్లో అలాంటిదాన్నే బానిసత్వం అంటున్నారట.

పెద్దక్కకు నవ్వొచ్చింది. ఇక్కడ ఎవరిని సంకెళ్ళేసి తుడిపిస్తున్నామమ్మా అని అడిగింది. ఇప్పుడు సంకెళ్ళు అక్కర్లేదక్కా, ఒక కాగితం లాక్కుంటే చాలు, మనిషి ఎక్కడికీ పోలేడు అంది ప్రశ్నల మేడమ్. కొండను తవ్వి ఎలుకను పట్టే వ్యవహారంలా ఉందే అనుకుంది పెద్దక్క. పైకి మాత్రం, మీరెవరో వాళ్ళకు తెలియదు, కొత్తవాళ్ళ ముందు నోరు విప్పరు, ఆ ప్రశ్నలేవో ఇలా ఇవ్వండి, నేను అడిగి రాసిపెడతాను, నా దగ్గర ఎవరూ ఏదీ దాచరు అంది. ఒక్కొక్కరితో విడిగా తనే మాట్లాడాలని ఆ అమ్మాయి అనుకుని వచ్చింది పాపం. కానీ పెద్దక్క ఒక మాట అన్నదంటే దాన్ని దాటడం కష్టం. అట్టా క్లిప్పూ చేతులు మారాయి.

వారం రోజులపాటు పెద్దక్క డ్రమ్ము మీద కూర్చుని, ఒక్కొక్కరినీ పిలిచి అడిగింది. నిన్నెవరైనా బలవంతంగా పనిలో పెట్టారా? లేదక్కా. నీ ఫోను ఎవరైనా లాక్కుంటున్నారా? లేదక్కా. నీ కాగితాలు ఎవరైనా తమ దగ్గర పెట్టుకున్నారా? లేదక్కా. మానెయ్యాలనుకుంటే మానేసి వెళ్ళొచ్చా? వెళ్ళొచ్చక్కా. ప్రశ్న ముగిసేలోపే జవాబు వచ్చేస్తుంటే ఆమెకు పని నల్లేరు మీద బండిలా సాగిపోయింది. యాభై నలుగురికి యాభై నాలుగు 'లేదు'లు రాసింది. ఆ 'లేదు'లు వింటున్న పెద్దక్క వీపుకి మూరెడు దూరంలో బీరువా ఉంది.

ఒక్క మెట్లమ్మ మాత్రం జవాబివ్వడానికి కాస్త ఆలస్యం చేసింది. మేస్త్రీ పంపిన తొమ్మిదిమందిలో ఆమె ఒకతి. పన్నెండంతస్తుల మెట్లూ ఆమెవే కాబట్టి ఆ పేరు. నలభై దాటిన మనిషి, అవసరానికి మించి మాట్లాడదు. ఆమెను పెంచి పెద్దచేసింది తల్లి కాదు, వాళ్ళ అక్క. ఆ అక్కకు ఇరవయ్యో తారీఖున గుండె ఆపరేషన్. పక్కన ఉండడానికి వేరే దిక్కు లేదు. ఈ సంగతి స్టోర్ రూములో టీ తాగే అందరికీ తెలుసు. పెద్దక్క విన్ననాడే, నువ్వు బయల్దేరు, పదిహేను రోజులు సెలవు, నేను చూసుకుంటాను అంది. చూస్తానక్కా అంది మెట్లమ్మ. ఆ తర్వాత రోజూ వస్తూనే ఉంది, మెట్లు తుడుస్తూనే ఉంది. సొంత అక్కకి అంత కష్టమొస్తే కదలదేమిటి, రాతిగుండె మనిషిలా ఉందే అని పెద్దక్క మనసులో ఒకసారి అనుకుంది కూడా. ఇప్పుడు కాగితాల ప్రశ్న దగ్గర మెట్లమ్మ పెద్దక్క భుజం మీదుగా వెనక్కి చూసి, ఒక్క క్షణం ఆగి, తల దించుకుని, లేదక్కా అంది. పెద్దక్క రాసేసుకుంది.

పదమూడో తారీఖున ప్రశ్నల మేడమ్ మళ్ళీ వచ్చింది. పేజీలు తిప్పి చూసి సంతోషపడింది. ఇక ఒక్కొక్కరి గుర్తింపు కార్డు నకలు దీనికి జతచేస్తే అయిపోతుంది, వాళ్ళను రేపు తెమ్మని చెప్పండి అంది.

"రేపటిదాకా ఎందుకమ్మా? అన్నీ ఇక్కడే ఉన్నాయి" అని పెద్దక్క లేచి, నడుముకున్న తాళం తీసి, బీరువా తెరిచింది.

ఆ అరలు చూస్తే ఎవరైనా మెచ్చుకోవాల్సిందే. కవర్లన్నీ ఒకే కొలత, పేర్లన్నీ ఒకే వరస, గుప్పున కలరా ఉండల వాసన. పెద్దక్క పక్కకు తప్పుకుని, మెప్పుకోలు కోసం ఆ అమ్మాయి మొహంకేసి చూసింది. ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు. అమ్మాయి బీరువాకేసి చూసింది, చేతిలోని యాభై నాలుగు 'లేదు'లకేసి చూసింది, మళ్ళీ బీరువాకేసి చూసింది.

"మీ కాగితాలు కూడా ఇందులోనే ఉన్నాయా అక్కా?"

"నావెందుకుంటాయి? నావి మా ఇంట్లో ఉన్నాయి" అంది పెద్దక్క.

అన్నాక ఆ మాట ఆమె చెవికే వినబడింది. ముందు కోపం వచ్చింది. పైపు పగిలిన కథ చెప్పింది, ముద్దయిన సర్టిఫికెట్టు సంగతి చెప్పింది, నా సొంతపిల్లల కాగితాలైనా ఇంత భద్రంగా పెట్టలేదంది, ఇరవై రెండేళ్ళలో నన్ను వేలెత్తి చూపినవాళ్ళు లేరంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుందని ఆమెకే అనిపించి మధ్యలో ఆగిపోయింది. ప్రశ్నల మేడమ్ వాదించలేదు. మీరు మంచికే దాచారక్కా, అది నాకు తెలుస్తూనే ఉంది అంది. తర్వాత ఒకటే అడిగింది, వీళ్ళలో ఎవరైనా ఎప్పుడైనా తమ కాగితం తిరిగి ఇమ్మని అడిగారా అని.

అడిగారు. పెద్దక్కకు ఒక్కొక్కళ్ళే గుర్తొచ్చారు. లిఫ్టులు తుడిచే అతను ఒకసారి అడిగాడు. "ఎందుకూ?" అంది తను. ఊరికేనక్కా అని వెళ్ళిపోయాడు. వంటగదులు తుడిచే తల్లీకూతుళ్ళు అడిగారు. వాళ్ళనీ "ఎందుకూ?" అనే అంది. ఏం లేదులే అక్కా అన్నారు. ఆమె ఆ మాట కసురుకుంటూ అనలేదు, అనుమానంతోనూ అనలేదు. అమ్మ అడిగినట్టే అడిగింది. కానీ అడిగింది. తన వస్తువు తను తీసుకోవడానికి ఎవరికైనా కారణం చెప్పాలా? వేరే ఉద్యోగం చూసుకోవడానికి అని ఆమె మొహంమీద ఎవరు చెప్పగలరు? ఆమె దగ్గర చేరినవాళ్ళు మధ్యలో ఎందుకు వెళ్ళరో పెద్దక్కకు మొదటిసారిగా ఇంకో కారణం కనబడింది. గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. ఆమెకు ఆ మధ్యాహ్నం తెలిసింది, తెలిసి డ్రమ్ము మీద కూలబడింది.

సిగ్గేసింది. దానికన్నా ఎక్కువగా భయమేసింది. బీరువా ఖాళీ చేస్తే రేపు ఎంతమంది మిగులుతారు?

సాయంత్రం ఇంటికెళ్ళి భర్తకు చెప్పింది. ఆయన కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో పంట్లాము అంచు మడుస్తున్నాడు. అంతా విని, తల ఎత్తకుండానే అన్నాడు.

"ఏమోయ్, నా కళ్ళజోడు పగిలిపోతుందని నువ్వు రోజూ డబ్బాలో పెట్టి అటకెక్కిస్తావు చూడు. చాలా భద్రంగా ఉంటుంది. నేనే, సూదిలో దారం ఎక్కించలేక చస్తుంటాను."

"మీకు అన్నీ వేళాకోళమే."

"వేళాకోళం కాదు. అడిగితే ఇస్తావు. అడగాలి, అదే నా బాధ."

ఆమె లేచి వెళ్ళి కళ్ళజోడు డబ్బా దించి ఆయన పక్కన పెట్టింది.  వేలు పెట్టి చూడకుండా ఒక్క బల్లని నమ్మని దాన్ని, యాభై నలుగురు మనుషుల్ని ఉత్త నోటిమాట మీద ఎలా నమ్మేశాను అనేది ఆమెను తొలిచేస్తోంది. మురికి ఉందా అని బల్లనే అడిగినట్టయింది. అదీ తను బీరువా ముందు కూర్చుని మరీ.

పదిహేనో తారీఖు పొద్దున్న, పని మొదలుకాకముందే అందర్నీ స్టోర్ రూము బయట వరసలో నిలబెట్టింది. మూడో అంతస్తు ఖాళీచేసి వెళ్ళిన ఆఫీసువాళ్ళు వదిలేసిన లాకర్లు ఉన్నాయి. వాటిని అడిగి తీసుకోవడానికి ప్రశ్నల మేడమ్ ముందురోజంతా ఫోన్లోనే గడిపింది. ఎవరి లాకరు వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది. పెద్దక్క దగ్గర మారుతాళం ఉండదు. ఈ మాట ఆమే పైకి చెప్పింది. ఇన్నాళ్ళూ మీ కాగితాలు నా దగ్గర పెట్టుకోవడం తప్పని కూడా చెప్పింది. ఆమె నోట తప్పు అనే మాట, అదీ తన గురించి, ఎవరూ వినలేదు. 

ఒక్కొక్క కవరే ఇచ్చింది. లిఫ్టులు తుడిచే అతను కవరు తెరిచి తన ఫోటో తనే చూసుకుని, అప్పట్లో ఎంత జుట్టుండేదో అన్నాడు. అందరూ నవ్వారు. తల్లీకూతుళ్ళు తమ రెండు కవర్లనీ కొంగులో చుట్టేసుకున్నారు. ఒక ముసలాయన మాత్రం, నాకు వద్దక్కా, మీ దగ్గరే ఉండనీ, నేను పారేసుకుంటాను అన్నాడు. ఆమె ప్రాణం లేచొచ్చింది. చెయ్యి చాపబోయి, ఆగి, పారేసుకుంటే ఇంకోటి తీయించుకుందువుగాని, నేనే అర్జీ రాస్తాను, తీసుకెళ్ళు అంది.

బీరువా ఖాళీ అయింది. వరసలో ఇంకా తొమ్మిదిమంది మిగిలారు. వాళ్ళకివ్వడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. వాళ్ళు కదలడం లేదు. అందరికన్నా ముందు మెట్లమ్మ నిలబడి ఉంది.

"మావి మేస్త్రీ దగ్గరున్నాయక్కా" అంది మెట్లమ్మ.

పెద్దక్క ఆమెకేసి తిరిగింది. "మరి ఆ రోజు అడిగితే లేదన్నావేం?"

"మీరూ దాచారు కదా. అది తప్పని మీకెలా చెప్పను?" మెట్లమ్మ నేలకేసి చూస్తూ అంది. "రెండు నెలల్నుంచి అడుగుతున్నానక్కా. కాంట్రాక్టు అయ్యాకే ఇస్తానంటున్నాడు. మా ఊరికి రైల్లో రెండుచోట్ల కార్డు చూస్తారు. అది లేకుండా నేను వెళ్ళలేను."

రాతిగుండె మనిషి అనుకున్నందుకు పెద్దక్కకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. ఆపరేషన్‌కి ఇంకా అయిదు రోజులే ఉన్నాయి. ప్రయాణానికే రెండు రోజులు పడుతుంది. ఆమె యాప్రాన్ విప్పేసి, మెట్లమ్మను వెంటబెట్టుకుని, ప్రశ్నల మేడమ్‌ను వెంట రమ్మంది. ఇంకో మాట లేకుండా ఆ అమ్మాయి అట్ట చంకన పెట్టుకుని బయల్దేరింది.

మేస్త్రీ ఆఫీసు రెండు వీధుల అవతల, చెప్పుల దుకాణం పైన ఒక గది. ఒక బల్ల, మూడు కుర్చీలు, సొరుగులున్న అలమర. పెద్దక్కను చూసి అతను లేచి నిలబడ్డాడు. చెడ్డ మొహం కాదు అతనిది. టీ తెప్పిస్తానన్నాడు. ఆమె వద్దని, వచ్చిన పని చెప్పింది. అతను నొచ్చుకున్నట్టు చూశాడు. మధ్యలో వెళ్ళిపోతే మీ కంపెనీ దగ్గర నా మాటేం కావాలి అన్నాడు. ఎక్కడికీ పోవు, భద్రంగా ఉన్నాయన్నాడు. ప్రశ్నల మేడమ్, ఇది చట్టం ఒప్పుకోదు, ఇవ్వకపోతే కంపెనీ మీతో పని మానేస్తుంది, ఊరుకోదు కూడా అని నెమ్మదిగా, గట్టిగా చెప్పింది. అతను ఆమె వైపు తిరగనేలేదు. పెద్దక్కనే చూస్తూ అన్నాడు.

"అక్కా, ఈ పద్ధతి నాకెవరు నేర్పారు? నాలుగేళ్ళ కింద మీ స్టోర్ రూముకొచ్చినప్పుడు మీరే బీరువా తెరిచి చూపించారు. పెద్దక్కంతటి మనిషే ఇలా చేస్తోందంటే ఇదే పద్ధతి కాబోలనుకుని నేనూ మొదలెట్టాను."

ఆమెకు గుర్తొచ్చింది. నిజమే, చూపించింది. కవర్ల మీద రాత చూసి అతను మెచ్చుకుంటే పొంగిపోయింది కూడా.  

"నేర్పాను తమ్ముడూ. ఆ పాపం నాదే" అంది. "ఈ పొద్దున అందరివీ తిరిగిచ్చేశాను. అదీ నేర్చుకో."

సాయంత్రం చూద్దామన్నాడు అతను. అలమర తాళం ఇంట్లో ఉందన్నాడు. అలాగే, తెప్పించు, మేం కూర్చుంటాం అని పెద్దక్క కుర్చీ లాక్కుంది. కూర్చుని ఊరుకునే ప్రాణమా అది? అయిదు నిమిషాలకి చూపుడు వేలు దానంతటదే బల్ల అంచు కిందికి పోయింది. వేలు చూసుకుని, ఏమీ అనకుండా, సంచిలోంచి నీలిగుడ్డ తీసి బల్ల తుడవడం మొదలుపెట్టింది. బల్ల అయ్యాక కుర్చీల చేతులు తుడిచింది. కుర్చీలు అయ్యాక కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఫోన్లు చేసుకుంటున్న మేస్త్రీ అవి మానేసి ఆమెనే చూస్తున్నాడు. ఇక అలమర తుడవడానికి ఆమె వంగేసరికి, వద్దక్కా, మీకు దండం పెడతాను అని జేబులోంచి తాళం తీశాడు. ఇంట్లో ఉందన్న తాళం అది.

తొమ్మిది కాగితాలూ ఒక రబ్బరు బ్యాండులో ఉన్నాయి. ప్రశ్నల మేడమ్ పేర్లు చదివి సరిచూసింది. మెట్లమ్మ తన కార్డు తనే అందుకుంది. అందుకుని జాకెట్లో దోపుకుని, పైనుంచి అరచెయ్యి అలాగే అదిమి పెట్టుకుంది. మెట్లు దిగుతున్నప్పుడు కూడా ఆ చెయ్యి తియ్యలేదు. మధ్యాహ్నం రైలుకే ఆమె వెళ్ళిపోయింది. పెద్దక్క స్టేషనుదాకా వెళ్ళి నీళ్ళసీసా చేతికిచ్చింది. ఎప్పుడొస్తావని అడగాలని నోటిదాకా వచ్చింది గాని మింగేసింది.

మిగతా ఎనిమిదిమంది కార్డులూ ఆ రోజే ఎవరివి వాళ్ళ చేతికిచ్చేశారు. వాళ్ళను కంపెనీ సొంతంగానే పనిలోకి తీసుకోవడానికి ప్రశ్నల మేడమ్ కాగితాలు నడుపుతోంది. మేస్త్రీ సంగతి పైవాళ్ళు చూస్తున్నారు. అతనికి ఏమవుతుందో పెద్దక్కకు తెలియదు, అడగలేదు. ఆ వారమే ఇద్దరూ కలిసి గుడ్డలు ఉతికి పంపే చోటికి వెళ్ళారు. ఈసారి అట్ట పట్టుకున్నది ప్రశ్నల మేడమే. పెద్దక్క అడిగింది ఒకటే మాట, నీ కార్డు ఒకసారి చూపించమ్మా అని. పదకొండుమంది ఆడవాళ్ళలో తొమ్మిదిమంది సంచుల్లోంచి తీసి చూపించారు. ఇద్దరు ఇంట్లో ఉందన్నారు. సరే, రేపు తీసుకురండి, నేను మళ్ళీ వస్తాను అంది. ఉతికేచోటు యజమాని విసుక్కున్నాడు. ఆమె మర్నాడు వెళ్ళింది. వాళ్ళు తెచ్చారు, ఆమె చూసింది, అప్పుడు గాని ప్రశ్నల మేడమ్‌ను రాయనివ్వలేదు. గ్లవ్స్ తయారయ్యేది మాత్రం ఎక్కడో దూరాన. ఉత్తరం రాశారు, జవాబు ఇంకా రాలేదు. రాకపోతే గ్లవ్స్ వేరేచోట కొనండని పెద్దక్క ఇప్పటికే రెండుసార్లు పోరింది.

ఆమె భయపడ్డది కొంత జరిగింది. లిఫ్టులు తుడిచే అతను, వంటగదుల తల్లీకూతుళ్ళు వచ్చి, వేరేచోట మంచి పని దొరికిందక్కా అన్నారు. ముగ్గురికీ మంచి మాట రాసిన ఉత్తరాలు గుండ్రని అక్షరాలతో రాసిచ్చింది. మిగతా అందరూ ఉన్నారు. ఎందుకున్నారని ఆమె అడగలేదు, ఉన్నారు అంతే. ఆశ్చర్యం ఏమిటంటే ఆ వారం ఆమెకు అన్నం రుచించింది, నిద్ర బాగా పట్టింది.

ఇరవై ఒకటో తారీఖు పొద్దున్న ఫోను మోగేసరికి పెద్దక్క ఏడో అంతస్తు మెట్లమీద మాప్ పిండుతోంది. మెట్లకి మనిషి లేదు మరి. ఎన్నో ఏళ్ళ తర్వాత చేస్తున్న పని, మోకాళ్ళు గుర్తుచేస్తున్నాయి. చెయ్యి తుడుచుకుని ఎత్తింది.

"అక్కా, నేను." మెట్లమ్మ గొంతు. "మా అక్క కళ్ళు తెరిచింది. నన్ను చూసి, ఎప్పుడొచ్చావే అంది. లోపలికి తీసుకెళ్ళేటప్పుడు కూడా పక్కనే ఉన్నానక్కా. ఆ సంగతే మర్చిపోయింది."

పెద్దక్క మెట్టుమీద కూర్చుండిపోయింది. ఆ కూర్చున్నది తడిమెట్టని కూడా తెలియలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆపరేషన్ సంగతులన్నీ అడిగి తెలుసుకుంది. అంతా అయ్యాక, ఇన్నేళ్ళ అలవాటు ఊరుకోదు కదా, అడిగేసింది.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"



"తెలీదక్కా. రాకపోవచ్చు. ఇక్కడే ఏదన్నా పని చూసుకుందామనుంది."

పెద్దక్కకు చివుక్కుమంది. అలాంటి మెట్లమనిషి ఇంకెక్కడా దొరకదు. ఆమె తుడిచిన మెట్లమీద వేలు పెట్టడం కూడా ఎప్పుడో మానేసింది. కానీ ఆ చివుక్కుమన్న చోటే చల్లగా కూడా ఉంది. సరేనక్కా, అలాగేనక్కా, లేదక్కా అనే మాటలే ఇన్నేళ్ళూ విన్నది ఆమె. తనకు నచ్చదని తెలిసి కూడా ఒక మనిషి తన మనసులో ఉన్నది భయపడకుండా తనతో చెప్పడం ఈ వారంలోనే మొదలైంది.

"మంచిది. నీ ఇష్టం" అంది. "అక్క జాగ్రత్త."

ఫోను జేబులో పెట్టుకుని, మెట్ల కమ్మీ పట్టుకుని లేచింది. కిందికి ఇంకా ఆరంతస్తులున్నాయి.